స్విచ్ ఆపితే సరిపోదు, తాళం పడాలి

సంపాదకుడు గారికి,

పత్తి సీజన్ మొదలైతే గుంటూరు చుట్టుపక్కల పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులు రాత్రింబవళ్లు తిరుగుతాయి. రోలర్ దగ్గర పత్తి చిక్కుకుంటే మెయిన్ ఆపి, లోపల చెయ్యి పెట్టి లాగుతారు. ఆ కాసేపు ఆ పనివాడికి ఏమిటి రక్షణ? చాలాచోట్ల హ్యాండిల్‌కు చుట్టిన బైండింగ్ వైరు, లేకపోతే ‘మనుషులు పని చేస్తున్నారు’ అని రాసిన అట్టముక్క. షిఫ్టు మారి వచ్చిన మనిషి అది చూసుకోకుండా స్విచ్ వేస్తే ఇక ఆపేదెవరు?

పొరపాటున ఆన్ అయ్యే వీలున్న స్విచ్‌ను ఆఫ్‌లో ఉంచి తాళం వేసే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్ అప్పుడే చెప్పింది. ఆ తాళం కూడా దేనికి తగ్గది దానికి ఉండాలి. ఎంసీబీకి (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) మీటను బిగించి పట్టే క్లిప్పు వేరు, గేట్ వాల్వ్ చక్రాన్ని మొత్తం కప్పే తొడుగు వేరు. నలుగురు కలిసి పనిచేసేచోట హాస్ప్ (ఒకేసారి చాలా తాళాలు పట్టే కొక్కెం) తగిలించి ఎవరి తాళం వాళ్లు వేసుకోవాలి. ఆఖరి మనిషి తన తాళం తీసేదాకా యంత్రం కదలదు. తాళంచెవి లోపల చెయ్యి పెట్టినవాడి జేబులోనే ఉండాలి, సూపర్‌వైజర్ సొరుగులో ఉంటే ప్రయోజనం లేదు. తాళం వేశాక స్టార్ట్ బటన్ నొక్కి, మూడు ఫేజులూ టెస్టర్‌తో చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి.

ప్రమాదం కరెంటుతోనే రాదు. విజయవాడ ఆటోనగర్‌లో టిప్పర్ తొట్టి పైకి లేపి, కింద దూరి పనిచేసేవాళ్లను చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది. ఇంజిన్ ఆపేసినా, హైడ్రాలిక్ పైపు పగిలిందంటే తొట్టి తన బరువుకే దిగిపోతుంది. అక్కడ కావాల్సింది ఆ బరువు మోయగల ఇనుప ఊత. దొరికిన చెక్క దుంగ పెట్టి నెట్టుకురావడం ప్రాణాలతో చెలగాటమే. మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా లైను విప్పేటప్పుడూ అంతే. వాల్వ్‌కు తాళం వేసినా పైపులో మిగిలిన గ్యాస్‌ను ముందు ఖాళీ చేయాలి.

లైన్‌మెన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపించుకున్న అనుమతి) తీసుకున్నాక కూడా, తీగను భూమికి కలిపే ఎర్త్ రాడ్డు తగిలించాకే తీగ ముట్టుకోవాలన్న నియమం ఉంది, ఎక్కడో జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి రావచ్చని. ఆ జాగ్రత్త మిల్లుల్లోకి ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. ఈ తాళాలూ క్లిప్పులూ కొన్ని వందల రూపాయలకు దొరుకుతాయి.

ఫ్యాక్టరీల శాఖ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టర్లతో పాటు తాళాల పెట్టె కూడా తెరిపించి చూడాలి. కాంట్రాక్టు కూలీలకు తాళాలు ఇస్తున్నారో లేదో వాళ్లనే అడగాలి. ఫ్యాక్టరీ లెక్కలోకి రాని చిన్న షెడ్ల కోసం ఆటోనగర్ వ్యాపార సంఘాలు ఉమ్మడిగా ఒక పెట్టె కొని ఉంచాలి. గుంటూరు మిల్లుల్లో మాత్రం ఇది వచ్చే పత్తి సీజన్‌లోగా జరగాలి.

— ఒక రిటైర్డ్ మిల్లు ఎలక్ట్రీషియన్, గుంటూరు