అవ్వ నోట ‘బేవార్సు’

తిరుపతి,
ఆదివారం రాత్రి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. కొత్త ఇంటి కబుర్లకు తర్వాత జవాబు రాస్తాను. రెండు రోజులుగా ఒక మాట నన్ను వదలడం లేదు, ముందు అది చెప్పనీ.

మొన్న మా పెద్దమ్మను రైలెక్కించడానికి స్టేషనుకు వెళ్లాను. ‘లావారిస్’ వస్తువులను ముట్టుకోవద్దని మైకులో హిందీ ప్రకటన. ఎన్నిసార్లు వినలేదు! ఆ రోజు మాత్రం చెవిలో మా అవ్వ గొంతు మోగింది: “ఒరేయ్ బేవార్సు వెధవా, అన్నం చల్లారిపోతోంది, లోపలికి రా!”

బేవార్సు అంటే పనిలేక తిరిగేవాడని మనం అనుకునేవాళ్లం కదా. అసలు సంగతి వేరు. ‘వారిస్’ అరబీ మాట, వారసుడని అర్థం. ముందు పారసీ ‘బే’ చేరితే వారసుడు లేని అని. అరబీ ‘లా’ చేరితే స్టేషనులో విన్న మాట. బేకారు, బేఖాతరు కూడా ఆ ‘బే’తో పుట్టినవే. అచ్చంగా మనదనుకునే ‘వారసుడు’ సైతం అక్కడినుంచి వచ్చినవాడే!

1801లో కంపెనీ చేతికి పోయేదాకా మన చిత్తూరు ఆర్కాటు నవాబుల ఏలుబడి. ఆ తర్వాత కూడా, 1911లో జిల్లా ఏర్పడేవరకు, ఉత్తర ఆర్కాటులోనే ఉంది. తహసీల్దారు, జమాబందీ, దస్తావేజు లాగే ఇదీ సర్కారు కచేరీ మాటే. వారసులు లేని ఆస్తి సర్కారుకు చేరుతుంది. అడిగేవాడు లేని ఆస్తికి చెప్పే మాట, అడిగేవాడు లేని మనిషికి తిట్టయింది. అక్కడినుంచి మనలాంటి పిల్లల మీద పడింది.

ఇప్పుడు ఒకటి గుర్తు తెచ్చుకో. అమ్మానాన్నలు పోయాక మా ఇంట్లోనే పెరిగిన మా మేనత్త కొడుకు. మనతోపాటే తోతాపురి కాయలు దొంగిలించాడు, మనతోపాటే పట్టుబడ్డాడు. మనిద్దరికీ ఆ తిట్టు పడింది. వాడితో మాత్రం అవ్వ “నాయనా, కాళ్లు కడుక్కుని రా” అంది. ఎప్పుడూ అంతే. నేను ఎంత కుళ్లుకున్నానో! అవ్వకు అక్షరం ముక్క రాదు. అయినా ఆ మాట వాడి మీద పడకుండా అన్నేళ్లు కాచుకుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఇది తలచుకుంటే కళ్లు చెమర్చాయి.

వాడికి ఫోను చేయబోయి ఆగిపోయాను. ఫోనులో చెప్పే సంగతి కాదు. సంక్రాంతికి నువ్వు తప్పకుండా రా, ముగ్గురం కూర్చున్నప్పుడు చెబుతాను. ఈలోగా ఒక పని చెయ్యి. మీ బెంగళూరులో ‘బేవర్సి’ అంటారు కదా, అక్కడి పెద్దవాళ్లు దాన్ని ముద్దుగా కూడా అంటారా, కోపంతోనేనా? అడిగి రాయి.

నీ
చిన్ననాటి నేస్తం