మా లంక బడి ఫోన్ సారుకి

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకలో బడి గోడలకి నడుమెత్తున ఒండ్రు పట్టేసింది. నీళ్లు తీశాక పడవ దిగి, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని వచ్చారు మీరు. ఏదో కంపెనీలో పీఆర్వో అన్నారు, ఫొటోలు తీయించుకుని వెళ్లిపోతారనుకున్నాను, క్షమించండి సార్. మీరు తడిసిన పాత హాజరు పట్టీల్ని అరుగు మీద పేజీ పేజీ విడదీసి ఆరబెట్టి, అందులో పేర్లు రాసుకుని, ఊళ్లో నంబర్లు అడిగి, హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో ఉన్న మా పాత విద్యార్థులకి ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. డబ్బు మాట ఎత్తేవారే కాదు, ముందు బడి సంగతి చెప్పేవారు. దసరా సెలవులయ్యేసరికి బల్లలు పడవలో దిగాయి!

మీరు ఇక లేరని మొన్నే తెలిసింది. పేరు రాయొద్దన్నారుగా, రాయట్లేదు. పిల్లలు మాత్రం వాటిని ఇప్పటికీ ‘ఫోన్ సారు బల్లలు’ అనే అంటున్నారు.