ఊళ్లో ఓటు, పట్నంలో బద్ధకం

సంపాదకులకు,

2024 మే 13న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లోక్‌సభ పోలింగ్. ఆంధ్రాలో 80 శాతం దాటింది. హైదరాబాద్, సికింద్రాబాద్ స్థానాల్లో సగం మంది కూడా ఓటెయ్యలేదు. పట్నంవాళ్లకి బద్ధకమని అందరూ తిట్టిపోశారు. కొంత నిజమే. కానీ మా అబ్బాయి సంగతి చూడండి. అమీర్‌పేటలో ఉద్యోగం. ముందురోజు జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి, కాళ్లు వాచిపోయి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాడు. ఊళ్లో ఓటేశాడు. అమీర్‌పేట ఓటర్ల జాబితాలోనూ వాడి పేరుంది! రెండుచోట్ల ఉండకూడదని చట్టం. తీసెయ్యమని ఫారం-7 ఇచ్చాడు, అయినా పోలేదు. అంటే ఆ లెక్కలో వాడు ఓటెయ్యనివాడే. ఇలాంటివాళ్లు మా వీధిలోనే నలుగురు. శాతాలు చెప్పేముందు జాబితాలు కడగండి. సిరా వేలు చూపించి, “అక్కడ నేను బద్ధకస్తుణ్ణే నాన్నా” అని నవ్వాడు వాడు.

– ఒక పాఠకుడు, ఆమదాలవలస