గన్నవరం పొగమంచుకు ఒక అంకె కావాలి: కేంద్ర పౌర విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారాలు. ధనుర్మాసం వచ్చిందంటే కోతలైన మాగాణుల్లో ఆరని తడి, కాలవల మీది తేమ, మబ్బు లేని రాత్రి, కదలని గాలి అన్నీ కలిసి తెల్లవారుజామున గన్నవరాన్ని పొగమంచుతో కప్పేయడం, తొలి విమానాలు పైన చక్కర్లు కొట్టి ఒక్కోసారి వెనుదిరగడం మీకు తెలియనిది కాదు. మంచును ఆపమని నేను కోరడం లేదు. దాని సంభావ్యతను ముందురాత్రే అంకెల్లో చెప్పించమని కోరుతున్నాను.

కంప్యూటర్ వాతావరణ నమూనాలు (మోడళ్లు) నేలను కిలోమీటర్ల గడులుగా విభజించి లెక్క కడతాయి కనుక ఒక్క రన్‌వే మీది దృశ్యతను అవి సూటిగా పట్టలేవు. అయితే ఒక్కో చోట నమూనా చేసే పొరపాటుకు చాలావరకు ఒక వరస ఉంటుంది. పాసంగం ఎంతో తెలిసిన తక్కెడతో సరిగ్గానే తూచవచ్చు కదా! నమూనా అంచనాలను ఆ చోటి పాత పరిశీలనలతో జతచేసి, రిగ్రెషన్ సమీకరణాల ద్వారా ఆ పొరపాటును సవరించే పద్ధతిని అమెరికాలో గ్లాన్, లౌరీ 1972లోనే ప్రకటించారు. తాజా పరిశీలనలను కలుపుకొని గంటగంటకూ మేఘాల ఎత్తును, దృశ్యతను సవరించి చెప్పే వ్యవస్థ అక్కడ తరువాత వచ్చింది.

విమానాశ్రయ సూచన అయిన టాఫ్‌లో సంభావ్యతకు మిగిలిన చోటు చాలా ఇరుకు. అంతర్జాతీయ నియమాల ప్రకారం ప్రాబ్ 30, ప్రాబ్ 40 (ముప్పై, నలభై శాతం సంభావ్యత) అనే రెండే మెట్లున్నాయి; ముప్పైకి లోపలిది లెక్కలోకి రాదు, యాభై దాటినది సంభావ్యతగా కనిపించదు. (గణాంకశాస్త్రం బోధించినవాడిని కనుక ఇది నాకు మింగుడుపడదు.) అదనపు ఇంధనం మోయడానికి అయ్యే ఖర్చు వేరు, దారి మళ్లితే కలిగే నష్టం వేరు. ఆ రెంటినీ బేరీజు వేసుకునే విమాన సంస్థకు పది శాతమైనా ఎనభై శాతమైనా పనికొచ్చే సమాచారమే.

ఢిల్లీ విమానాశ్రయంలో 2015 శీతాకాలం నుంచి పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ, భారత వాతావరణ శాఖ పొగమంచు ప్రయోగం సాగించాయి. ఆ అనుభవం విలువైనదే గాని, అక్కడి సమీకరణాలను ఇక్కడ అతికించలేము. కృష్ణా డెల్టా తేమకు దాని లెక్క దానికి కట్టవలసిందే.

వాతావరణ శాఖ మీ కింద లేదని, భూవిజ్ఞాన శాఖ పరిధిలోనిదని ఎరుగుదును. అయినా సూచనను వాడుకునేది మీ శాఖ కనుక అడగవలసిందీ మీరే. గన్నవరంలో దృశ్యత 1000 మీటర్లకూ, పరికరాల సాయంతో దిగే కేటగిరీ-1 ల్యాండింగుకు హద్దయిన 550 మీటర్ల రన్‌వే దృశ్యతకూ దిగువకు పడే సంభావ్యతను ఉదయం ఐదు నుంచి తొమ్మిది దాకా గంటవారీగా, ముందురోజు రాత్రే ఇప్పించండి. శీతాకాలం ముగిశాక ఆ అంకెలకు బ్రయర్ స్కోరు (చెప్పిన సంభావ్యతకూ నిజంగా జరిగినదానికీ ఉన్న తేడాను కొలిచే లెక్క) కట్టి, "నిన్నటిలాగే నేడు" అనే మొరటు అంచనా పక్కన పెట్టి, ఓడినా గెలిచినా ప్రజలందరికీ కనిపించేలా ప్రకటించండి.

భవదీయుడు,
విజయవాడ నుంచి ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు