యుద్ధాల్లో మన విశాఖ రేవు: తొమ్మిదో తరగతి ప్రాజెక్టు గురించి తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, ఇంట్లో ఉన్న తాతయ్యలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు నమస్కారం.

పరీక్షల టైంటేబులు, ఫీజు గడువు, వార్షికోత్సవం రిహార్సళ్ల వివరాలు వెనక పేజీలో ఉన్నాయి. ముందు పేజీలన్నీ తొమ్మిదో తరగతి సోషల్ ప్రాజెక్టుకే తీసేసుకున్నాను. ఎందుకంటే ఆ ప్రాజెక్టులో సగం పని పిల్లలది కాదు, ఇంట్లో పెద్దవాళ్లది: మీరు మీ జ్ఞాపకాలు చెబితే వాళ్లు రాసుకుంటారు.

కిందటి పేరెంట్స్ మీటింగులో ఇద్దరు ముగ్గురు లేచి "ఇది పరీక్షలో వస్తుందా మేడమ్?" అని అడిగారు. రాదు. అయినా చేయిస్తున్నాం. మన పిల్లలకు హిట్లర్ తెలుసు, పెర్ల్ హార్బర్ తెలుసు, హిరోషిమా తేదీ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అదే యుద్ధంలో మన పోర్టు మీద కూడా బాంబులు పడ్డాయని, జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారని చెబితే మాత్రం "నిజంగానా!" అని నోరు తెరుస్తారు. వాళ్లలో చాలామంది రోజూ ఆ పోర్టు గోడ పక్కనుంచే బడికి వస్తారు.

ఈ రేవు కోసం పోట్లాట కొత్తది కాదు. ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ గిడ్డంగి తెరిచింది. అప్పటికే డచ్చివాళ్లు భీమిలిలో ఉన్నారు. ఇద్దరికీ కావలసింది మన నేతగాళ్ల బట్టలే. ఇంతలో ఔరంగజేబుకూ కంపెనీకీ చెడింది. 1689లో మొగలు సైనికులు ఈ గిడ్డంగిని పట్టుకుని అందులో ఉన్న ఆంగ్లేయులను చంపేశారు. తగువు పుట్టింది బెంగాల్లో, బొంబాయిలో. తల తెగింది విశాఖలో. ఆ తర్వాతి కథ కూడా ఇంచుమించు ఇదే వరస. ఎక్కడో ఎవరో యుద్ధం అనుకుంటారు, దాని సెగ ఈ ఒడ్డున తగులుతుంది. పిల్లలకు ఈ వరస పట్టుబడితే చాలు, తేదీలు మరిచిపోయినా నాకు బాధ లేదు.

బొబ్బిలి యుద్ధం సంగతి మీకు నేను చెప్పాలా? 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల అండతో విజయనగరం విజయరామరాజు బొబ్బిలి కోట పడగొట్టడం, తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి ఆ రాజును పొడవడం వరకు బుర్రకథల పుణ్యమా అని అందరికీ వచ్చు. కథ అక్కడితో ఆగలేదు. అదే ఏడాది జూన్‌లో బుస్సీ విశాఖ మీదికి వచ్చి కంపెనీ స్థావరాన్ని స్వాధీనం చేసుకున్నాడు. ఏడాదికి పైగా ఊరు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. విజయనగరంలో కొత్తగా గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు బుస్సీ అంటే పడదు. 1758లో బుస్సీని పైవాళ్లు దక్షిణానికి పిలిపించుకోగానే, ఆనందరాజు సేనతో వచ్చి విశాఖను లాక్కున్నాడు. లాక్కుని తనే ఏలుకున్నాడా అంటే లేదు, ఇంగ్లీషువాళ్లకు కబురుపెట్టి అప్పగించాడు. కలకత్తా నుంచి క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు అక్టోబరులో ఇక్కడ ఓడ దిగాడు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు, మరుసటి ఏప్రిల్లో మచిలీపట్నం కోట పడింది. ఉత్తర సర్కారులు కంపెనీ పాలైన కథకు మొదటి అధ్యాయం మన ఊళ్లోనే నడిచిందన్నమాట.

"ఆనందరాజు చేసింది తప్పా మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగింది. వాదన గంట కొట్టాక కూడా సాగింది, తర్వాతి పీరియడ్ లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడి చూడాల్సి వచ్చింది. నా మట్టుకు నాకు, పరాయివాణ్ని వెళ్లగొట్టడానికి ఇంకో పరాయివాణ్ని పిలవడం ఆయనొక్కడు చేసిన పని కాదు, ఆ రోజుల్లో రాజులు చాలామంది చేసిందే. దానికి వడ్డీ కట్టింది మాత్రం ఆ వంశమే. 1794 జూలైలో పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడుతూ చిన విజయరామరాజు ప్రాణం విడిచాడు.

ఈ రెండింటి మధ్య 1780 ఉంది. దాన్ని ఎవరూ తలుచుకోరు, నాకు అది లోటుగా అనిపిస్తుంది. హైదరాలీ మీద యుద్ధానికి ఇక్కడి సిపాయిలను ఓడలో మద్రాసు పంపాలని కంపెనీ ఉత్తర్వు. అక్టోబరు 3న ఓడ ఎక్కమంటే సిపాయిలు ససేమిరా అన్నారు. తుపాకులు దొరల వైపు తిప్పారు, కొందరు ఆంగ్లేయులు చనిపోయారు. 1857 తిరుగుబాటుకు ఇది 77 ఏళ్ల ముందు మాట. 1804 సెప్టెంబరులో ఇంకో రకం తమాషా జరిగింది. అడ్మిరల్ లినోయిస్ నడిపిన మూడు ఫ్రెంచి యుద్ధనౌకలు వచ్చి, ఇక్కడ లంగరు వేసి ఉన్న సెంచూరియన్ అనే ఇంగ్లీషు యుద్ధనౌక మీద విరుచుకుపడ్డాయి. పక్కనే ఉన్న రెండు వర్తక ఓడల్లో ఒకటి ఒడ్డుకు కొట్టుకుని పగిలిపోయింది, రెండోదాన్ని ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. సెంచూరియన్ మాత్రం దెబ్బలు తిని కూడా లొంగలేదు.

చిత్రమేమిటంటే ఇంత జరిగినా అప్పటికి ఇక్కడ పోర్టే లేదు. ఓడలు దూరంగా సముద్రంలో ఆగితే సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. ఇప్పుడు మనం చూసే లోపలి హార్బరు యారాడ కొండకు ఇవతల ఉన్న ఉప్పుటేరును, చిత్తడి నేలను తవ్వి చేసింది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ పని చేపట్టింది, మధ్య పరగణాల మాంగనీసు ఖనిజానికి సముద్రం దారి కావాలి కనుక. అలలు తెచ్చే ఇసుక కాలవ నోటిని పూడ్చేయకుండా జేనస్, వెల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడలను కావాలనే ముంచి అడ్డుకట్టగా వాడారు. మా పిల్లలకు మొత్తం ప్రాజెక్టులో అన్నిటికన్నా నచ్చినది ఇదే. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ మొదటిసారి లోపలికి వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్‌డన్ లాంఛనంగా ప్రారంభించాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతుల మీద పెద్ద ఓడలు కట్టాలన్న కల అది. ఏడాది తిరక్కుండానే బాంబులు పడ్డాయి.

1942లో యుద్ధ వార్తలు వచ్చిన వేగం చూడండి. ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వశమైంది. మార్చి 8న రంగూన్. మార్చి 23న అండమాన్. అంటే శత్రువుకీ మనకీ మధ్య ఉన్నది ఒక్క బంగాళాఖాతమే. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి. మరునాడు, ఏప్రిల్ 6 సోమవారం, ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రెండు మూడు రోజుల్లో మన తీరానికి ఎదురుగా సముద్రంలో 20కి పైగా వర్తక ఓడలు మునిగాయి. ఊరి మీద పడినవి తక్కువే, ప్రాణనష్టం కూడా రంగూన్‌తో పోలిస్తే చాలా స్వల్పం. కానీ ప్రాణభయం లెక్కలు చూసుకుని రాదు కదా. రైలు దొరికినవాళ్లు రైల్లో, బండి ఉన్నవాళ్లు బండిలో, ఏదీ లేనివాళ్లు నడిచి బంధువుల ఊళ్లకు తరలిపోయారు.

జపాన్ సైన్యం ఇక్కడ దిగనే లేదు. ఊరి భవనాల్లో తిష్ఠ వేసింది మనల్ని కాపాడడానికి వచ్చిన సైన్యమే. సి.ఆర్. రెడ్డి గారు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది, ఇక్కడి క్యాంపస్ మిలిటరీ చేతికి వెళ్లింది. తీరం పొడుగునా తుపాకీ రంధ్రాలున్న కాంక్రీటు పిల్‌బాక్సులు కట్టారు. ఇసుకలో కూరుకుపోయినదాన్ని ఒకదాన్ని కొన్నేళ్ల కిందట బీచ్ రోడ్డు పక్కన బయటికి తీశారు. సింధియాలో పని కుంటుపడి, మొదటి ఓడ జల ఉష నీళ్లలోకి దిగడానికి 1948 మార్చి 14 దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని జలప్రవేశం చేయించింది స్వతంత్ర భారత ప్రధాని నెహ్రూ. ఈ ఒక్క ఆలస్యం మాత్రం మనకు కలిసొచ్చిందని నేను సరదాగా అంటుంటాను.

ఇక్కడ ఒక మాట మన ఉత్తరాంధ్ర కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాలి. 1942 అంటే మన ఊరి మీద పడిన బాంబులే కాదు, రంగం (రంగూన్) నుంచి వెనక్కి వచ్చిన మనుషులు కూడా. విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడల నుంచి తరాల తరబడి మనవాళ్లు స్టీమరెక్కి రంగం వెళ్లారు. కూలీలను కుదిర్చే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో చేశారు. రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే ఉన్న రోజులవి. 1930లో అక్కడి రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకోవడం, సమ్మె తీరాక వాళ్లను తీసేయడం ఘోరమైన అల్లర్లకు దారితీసింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక ఓడల్లో చోటు డబ్బున్నవాళ్లకే దొరికింది. మిగిలినవాళ్లు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. సుమారు 5 లక్షల మంది భారతీయులు అలా బర్మా విడిచారని అంచనా. కలరా, మలేరియా, ఆకలి వేలమందిని దారిలోనే మింగేశాయి. ఆ నడకలో కూడా తెల్లవాళ్లకు ఒక దారి, మనవాళ్లకు ఒక దారి. బర్మా బియ్యం రావడం ఆగిపోయేసరికి ఇక్కడ ధరలు మండిపోయాయి. 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేశాక ఇంకో విడత జనం ఓడల్లో వచ్చారు. బర్మా క్యాంపు అన్న పేట ఊళ్లో ఇప్పటికీ ఉంది.

మన బడిలో ఆ కుటుంబాల పిల్లలు ఉన్నారు. ఏ పుస్తకంలోనూ కెప్టెన్ల పేర్లకు కొదవ లేదు. మూట మోసినవాడి పేరు మాత్రం వాడి మనవరాలికి తప్ప ఎవరికీ తెలియదు. 1942లో ఏడెనిమిదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు తొంభై దాటాయి. నేను తొందరపెడుతున్నది అందుకే.

1971 పాకిస్తాన్ యుద్ధం గుర్తున్నవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక హార్బరు బయట పెద్ద పేలుడు వినిపించింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడడానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, 90 మందికి పైగా సిబ్బందితో అక్కడే మునిగిపోయింది. అప్పటికి విక్రాంత్ ఇక్కడ లేదు, అండమాన్ వైపు ఉంది. రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్ల మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. లోపలే జరిగిన ప్రమాదమని పాకిస్తాన్ అంటుంది. పిల్లలు రెండు వాదనలూ రాయాలని చెప్పాం. బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన జలాంతర్గామి కుర్సురా ఎక్కి "ఇదే ఘాజీ" అనుకునేవాళ్లు ప్రతి ఏడూ ఒకరిద్దరు ఉంటారు. కుర్సురా మనది, దయచేసి ఇంట్లో కూడా ఒకసారి చెప్పండి.

ఇక మీరు చేయాల్సిన పని. పిల్లలు నోట్‌బుక్ తీసుకుని మీ ముందు కూర్చుంటారు. "చరిత్ర చెప్పండి" అని అడగవద్దని వాళ్లకు చెప్పాం, అలా అడిగితే పెద్దవాళ్లు సినిమా కథ మొదలుపెడతారు. దీపాలు ఆర్పేసిన బ్లాక్‌అవుట్ రాత్రుల్లో అన్నం ఏ వెలుతురులో తిన్నారు, కిటికీలకు ఏం అంటించారు, ఊరు విడిచినప్పుడు ఏ ఊరికి వెళ్లారు, వెంట ఏం తీసుకెళ్లారు, ఏం వదిలేశారు, బియ్యం ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, రంగం నుంచి ఉత్తరాలు ఎన్నాళ్లకొకటి వచ్చేవి – ఇలాంటివి అడుగుతారు. తాతయ్యలు వాళ్ల యాసలోనే చెప్పనివ్వండి, పిల్లలూ అలాగే రాయాలి, పుస్తకభాషలోకి దిద్దితే మేం ఒప్పుకోం. తేదీలు తప్పు చెబితే అడ్డుకోకండి, అవి చూసుకోవడానికి సోషల్ టీచర్లు ఉన్నారు. చెప్పడానికి ఇష్టం లేని జ్ఞాపకాలు ఉంటే బలవంతం లేదు, అందుకు మార్కులు తగ్గవు. మొన్నమొన్నటిదాకా ఈ ఊరికి రాని ఇళ్లవాళ్లు తమ సొంత ఊరి సంగతులే రాయించవచ్చు.

పాత ఫొటోలు, ఓడ టికెట్లు, రేషన్ కార్డులు అసలువి బడికి పంపొద్దు. ఫోనులో ఫొటో తీసి క్లాస్ టీచరుకు పంపితే మేం ప్రింటు తీయిస్తాం.

డిసెంబరు మొదటి శనివారం పిల్లలను ఊరు చూపించడానికి తీసుకెళ్తున్నాం. వన్‌టౌన్‌లో కోటవీధి, కురుపాం మార్కెట్ చూసి రాస్ హిల్ ఎక్కుతాం. ఓడలు లోపలికి వచ్చే కాలవ అక్కడినుంచి బాగా కనిపిస్తుంది. తర్వాత బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం. 1942లో పడి పేలకుండా మిగిలిన జపాన్ బాంబు తొడుగు అక్కడ ఉంది. చివరిగా కుర్సురా. నేవీ డే రిహార్సళ్లకు బీచ్ రోడ్డులో ట్రాఫిక్ మళ్లిస్తారు కనుక బస్సు ఉదయం 7 గంటలకే బయల్దేరుతుంది. టోపీ, నీళ్ల సీసా, పులిహోరో ఇడ్లీయో ఏదైనా చేత్తో తినే టిఫిను ఇచ్చి పంపండి. మెట్లెక్కడం కష్టమయ్యే పిల్లలుంటే ముందే చెప్పండి, వాళ్లతో కింద ఒక టీచరు ఉంటారు. సంతకం చేసిన అనుమతి పత్రం ఈ శుక్రవారంలోగా డైరీలో పెట్టి పంపండి. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం 3 దాటుతుంది, ఆ రోజు స్కూలు ఆటోలు ఉండవు, మీరే గేటు దగ్గరికి రావాలి.

నమస్కారాలతో,
మీ ప్రధానోపాధ్యాయురాలు