బండి పాతదే, బిగింపు మాత్రం మీది

విజయనగరం,
03-11-2025

సర్వీసు మేనేజరు గారికి,

విషయం: పెట్రోలు ట్యాంకు బిగింపులో లోపాలు, మళ్లీ విప్పి సరిచేయడం గురించి.

అయ్యా,

నాది 1998 నాటి మారుతి 800. ట్యాంకు అడుగు తుప్పుపట్టి చెమర్చడం మొదలైనప్పుడు ఊళ్లో మూడు షెడ్లు తిరిగాను. 2014 జనవరిలోనే తయారీ ఆగిపోయిన బండి కదా, పాతదానికే మాటు వేయించుకోమన్నారు అందరూ. ఇన్నేళ్లు పెట్రోలు తాగిన ట్యాంకు మీద వెల్డింగు మంట పెట్టించే ధైర్యం నాకు లేదు. పాత కార్లకు కొత్త సామాను తెప్పించి మీరే బిగిస్తారని బోర్డు చూసి సెప్టెంబరు 26న మీ విజయనగరం శాఖలో బండి అప్పగించాను. 29న 9,850 రూపాయలు కట్టి తెచ్చుకున్నాను.

పైడితల్లి అమ్మవారి పండుగలో తొలేళ్ల నాడు, స్టేషనులో దిగే బంధువుల కోసం వెళుతూ బంకులో ఆగాను. గొట్టం పెట్టి మీట నొక్కగానే ఠక్కున ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ ఆగింది. బంకు కుర్రవాడు గొట్టాన్ని అటు తిప్పి, ఇటు వంచి, సగం బయటికి లాగి పట్టుకుని అర లీటరు, పావు లీటరు చొప్పున పోశాడు. అయిదు లీటర్లకు పధ్నాలుగుసార్లు ఆగింది. వెనుక ఆటోలవాళ్లు హారన్లు మోగిస్తుంటే లెక్కపెట్టడం తప్ప నేను చేయగలిగింది లేదు. డబ్బులిచ్చి కదలబోతుంటే వెనుక చక్రం పక్కన నేల తడిగా ఉందని ఆ కుర్రవాడే చూపించాడు. ఇంత జరిగినా పెట్రోలు ముల్లు ఖాళీ గీత మీది నుంచి లేవలేదు.

మీ శాఖకు మూడుసార్లు ఫోను చేశాను. మూడుసార్లూ ఒకటే జవాబు: "పాత బండి కదండీ, అలాగే ఉంటుంది." ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఆ మాటే. బండి పాతదే, కాదనను. రవాణా శాఖవారు ఆ పాత బండినే చూసి 2028 దాకా తిరగవచ్చని రిజిస్ట్రేషను పొడిగించారు. ట్యాంకు కొత్తది, బిగింపు కొత్తది. ఆగిపోతున్నదీ కారుతున్నదీ ఆ కొత్త పని దగ్గరే.

మా వీధి మెకానిక్ బండిని పైకెత్తి, టార్చి వేసి చూపించాడు. పెట్రోలు లోపలికి పోతుంటే గాలి బయటికి రావాల్సిన సన్న గొట్టం ట్యాంకుకూ బాడీకీ మధ్య చపాతీలా నలిగిపోయి ఉంది. గాలికి దారి లేకే పెట్రోలు ఎదురుతన్నుతోంది. పోసే గొట్టానికి పెట్టిన క్లిప్పు ఇనుప పైపు మీద కాకుండా దాని అంచు దాటి ఉత్త రబ్బరును బిగించి ఉంది. ముల్లుకు పోయే తీగ ఎక్కడా తగిలించకుండా వేలాడుతోంది. సరిచేయమని అడిగితే, "ఇప్పుడు నేను చెయ్యి పెడితే వారంటీ పోయిందంటారు, ఎక్కించినవాళ్లతోనే దింపించండి" అన్నాడు. అతను చెప్పింది న్యాయమే.

ఇక ఆ గాలి గొట్టం సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుందనీ, పాత రబ్బరు దానికి తట్టుకోదనీ, గొట్టాలన్నీ మార్చాలనీ చెప్పింది మీవాళ్లే. సబబుగా తోచి ఒప్పుకున్నాను. బిల్లులో "రబ్బరు గొట్టాలు, కొత్తవి: 1,140" అని ఉంది. కానీ నలిగిన ఆ గొట్టం మీద నీలం టేపు చుట్టి ఉంది. రెండేళ్ల క్రితం అది బీటలిస్తే నా చేత్తో నేను చుట్టిన టేపది. కొత్త గొట్టానికి నా పాత టేపు ఎలా వచ్చిందో మీరే చెప్పాలి.

బండి నిలిపే చోటు మా వంటింటి కిటికీ పక్కనే. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతుంది. నాలుగు వారాలుగా బండిని వీధిలోకి నెట్టి, తులసికోట దగ్గర సాయంత్రం దీపం కూడా మానుకున్నాం. పండుగ రోజుల్లో ఇంట్లో ఎన్ని మాటలు పడ్డానో ఇక్కడ రాయను.

ఈ స్థితిలో బండి నడపను కాబట్టి మీరే వచ్చి తీసుకువెళ్లాలి. నా ఎదుటే ట్యాంకు దింపి, గొట్టాలన్నీ నిజంగా కొత్తవి వేసి, తీగ తగిలించి, నిండుగా పెట్రోలు పోయించి చూపించాలి. దీనికి పైసా అదనంగా ఇవ్వను. విప్పిన పాత గొట్టాలు, ముఖ్యంగా నీలం టేపుది, నా చేతికి ఇవ్వాలి. మొదట దింపిన పాత ట్యాంకు ఏమైందో కూడా చెప్పండి. అడగకుండానే పాత ఇనుముకు వేసి ఉంటే ఆ డబ్బు నాది.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో కదలిక లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని జిల్లా కమిషనుకు వెళతాను. 5 లక్షల లోపు విలువకు అక్కడ రుసుము కూడా లేదు.

బిల్లు నకలు, బండి కింద తీసిన నాలుగు ఫొటోలు జతచేశాను. మూడో ఫొటోలో టేపు స్పష్టంగా కనబడుతుంది. ఉదయం పది దాటాక ఎప్పుడు మనిషిని పంపినా ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
(సంతకం)
బండి యజమాని