ప్రీమియం పెట్రోల్: అడగకుండా కొట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా ఖమ్మంలో ఒక బంకుకు వెళ్లి రెండు వేలకు పెట్రోల్ కొట్టమన్నాను. బిల్లు చూస్తే లీటరుకు తొమ్మిది రూపాయలు ఎక్కువ పడింది. అడిగితే, "ప్రీమియం సార్, ఇంజిన్‌కు మంచిది" అన్నాడు ఆ కుర్రాడు. అతన్ని తప్పుపట్టను, పైవాళ్లు చెప్పిందే అతను చెబుతాడు.

ఇంటికొచ్చి డాష్‌బోర్డు అరలోంచి కారు మాన్యువల్ తీశాను. 2015 మోడల్, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేదు. 91 ఆక్టేన్ చాలని స్పష్టంగా రాసి ఉంది. అంటే ఆక్టేన్ ఎక్కువుండే ప్రీమియం నా కారుకు అక్కర్లేదు. ఆక్టేన్ అంటే బలం అనుకుంటారు చాలామంది. కాదు. స్పార్క్ పడకముందే ఒత్తిడికి తనంతట తాను అంటుకోకుండా పెట్రోల్ నిలిచే గుణం అది. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌నే చూడండి. దాని ఆక్టేన్ పెట్రోల్ కంటే ఎక్కువ, కానీ లీటరుకు ఇచ్చే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ.

టర్బో ఇంజిన్‌కు కంపెనీవాళ్లు 95 అడిగితే అదే పోయించాలి, అక్కడ పొదుపు చూడకూడదు. నాలాంటి వాళ్లకు నెలకు 60 లీటర్లంటే 540 రూపాయలు ఉత్తపుణ్యానికి పోతాయి. ఏడాదికి 6,480. మా ఇంట్లో అది రెండు నెలల కరెంటు బిల్లు.

ప్రతి నాజిల్ దగ్గరా ఆక్టేన్ అంకె, లీటరు ధర తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. ఏ రకం కావాలో అడిగాకే పెట్రోల్ కొట్టాలి. చమురు కంపెనీలు, పౌర సరఫరాల అధికారులు ఈ రెండూ వెంటనే అమలు చేయించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఖమ్మం